ఖమీస్ నుంచి జెద్దా: మాజీ ప్రెసిడెంటు ఇంట్లో తాగకుండా పట్టుకున్న కాఫీ

ఖమీస్ ముషైత్ నుంచి జెద్దాకి రోడ్డు మీద వెళ్ళడం ఎలా అని ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్నారు. విమానంలో అయితే గంట పైచిలుకు ప్రయాణం. నేను మాత్రం ఒక్కసారైనా రోడ్డు మీద వెళ్ళమంటాను. కొండ దిగి, సముద్రం వెంట పడి, పది గంటల్లో జెద్దా చేరవచ్చు. నేను మొదటిసారి ఆ దారి పట్టింది సముద్రం చూడటానికి కాదు, ఒక మాజీ దేశాధ్యక్షుణ్ణి ఒక ప్రశ్న అడగడానికి. ప్రశ్న నాది కాదు, నా పక్క గదిలో ఉండే బకారీది. గల్ఫ్ యుద్ధం అయిపోయిన నాలుగైదేళ్ళకు జరిగిన సంగతి ఇది. కాబట్టి ఇందులో చెప్పే ధరలు అప్పటివి, దారి మాత్రం ఇప్పటికీ అదే.

నేను అప్పుడు ఖమీస్‌లో ఒక ఆస్పత్రికి ఎలక్ట్రీషియన్ని. బకారీ అక్కడే అంబులెన్సు డ్రైవరు. ఆఫ్రికావాడు. ఏ దేశమో రాయను. అతని మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు. ఆ దేశపు ప్రెసిడెంటు పేరు కూడా రాయను, ఆయన మీద గౌరవంతో మాత్రం కాదు. ఆ పెద్దమనిషి రైల్వేలో గార్డుగా మొదలయ్యాడు. తెల్లవాళ్ళ కాలంలో యూనియన్ పెట్టి, సమ్మె చేయించి, జైలుకు పోయాడు. బయటికి వచ్చేసరికి జనం భుజాల మీద మోశారు. స్వాతంత్ర్యం రాగానే మంత్రి, ఆ తరవాత ప్రధాని, ఆ తరవాత ప్రెసిడెంటు. అక్కడితో ఆగితే బాగుండేది. మిగతా పార్టీలన్నీ రద్దు చేసి, ఎన్నికల్లో తన ఒక్కడి పేరే పెట్టుకుని, తానే పుట్టించిన యూనియన్‌ని తానే నిషేధించాడు. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లన్న, ఓడ దిగాక బోడి మల్లన్న అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఆయన్ని నేను అంతకుముందు ఒకసారి చూశాను. యుద్ధం అప్పుడు నేను కువైట్ సరిహద్దు దగ్గరి ఖఫ్జీలో పనిచేసేవాణ్ణి. ఊరు సగం కూలిపోయింది. దేశదేశాల సైన్యాలు దిగాయి, వాటిలో ఆయన పంపిన దళం కూడా ఒకటి. యుద్ధం ముగిశాక తన సైనికులను చూడటానికి ఆయన స్వయంగా వచ్చాడు. ఎడారిలో పెద్ద డేరా వేశారు. దానికి ఫ్యాన్లు, మైకు కట్టింది నేనే. నేను కట్టిన మైకులో ఆయన స్వేచ్ఛ గురించి ముప్పావుగంట మాట్లాడి, కూచుని మాంసం, అన్నం తింటుండగా, అక్కడ ఇంటి దగ్గర ఆయన సైన్యమే తిరగబడి రేడియో స్టేషన్ పట్టుకుంది. సైనికులు తరవాత ఓడెక్కి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళలేదు. జెద్దాలో ఒక ఇల్లు ఇచ్చారు, ఉండిపోయాడు. ఇదంతా నేనొక తమాషా కథలాగా క్యాంపులో చెప్పుకునేవాణ్ణి. ఒకరోజు బకారీ కూడా విన్నాడు. అందరూ నవ్వారు, అతను నవ్వలేదు.

బకారీ వాళ్ళ నాన్న కూడా రైల్వే గార్డే. ప్రెసిడెంటుతో కలిసి సమ్మె చేశాడు, కలిసి ఒకే జైలు గదిలో శిక్ష అనుభవించాడు. ఇద్దరికీ ఒకటే కంబళి. దేశం చేతికొచ్చిన చాలా ఏళ్ళకు రైల్వే వాళ్ళ సభకు ప్రెసిడెంటు వస్తే, బకారీ వాళ్ళ నాన్న లేచి నిలబడి, "మనిద్దరం కప్పుకున్న కంబళి నీకు గుర్తుందా?" అని అడిగాడట. ఆ వారంలోనే జీపు వచ్చి ఆయన్ని ఎక్కించుకుపోయింది. తరవాత ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం ఒకటి ఇంటికి వచ్చింది. మీ భర్తను శిక్షణ కోసం విదేశాలకు పంపించాం, క్షేమంగా ఉన్నాడు అని. పదహారేళ్ళు గడిచాయి. మనిషి లేడు, కబురు లేదు. ఊళ్ళో ఒక్కరు కూడా ఆ తల్లి ఇంటికి పరామర్శకు రాలేదు, ఎందుకంటే వస్తే ప్రభుత్వం అబద్ధమాడిందన్నట్టే. పరామర్శ కూడా నేరమైపోయిన దేశం అది. ప్రభుత్వం మారాక అడిగితే, పాత కాగితాలు లేవన్నారు. కొత్త ప్రభుత్వంలోనూ సగంమంది పాతవాళ్ళేగా! ఇక ఆ సంగతి తెలిసిన మనిషి జెద్దాలో ఒక్కడే ఉన్నాడు.

"నేనేమీ చెయ్యను. మా అమ్మ ఇంకా మా నాన్న భార్యా, లేక విధవా, అదొక్కటే అడుగుతాను" అన్నాడు బకారీ. మేమిద్దరం మాట్లాడుకునేది సగం అరబీ, పావు హిందీ, మిగతాది చేతులు. ఆ మాట మాత్రం స్పష్టంగా అర్థమైంది. విన్నాక నాకు ఒళ్ళు మండింది.

దారి దొరికింది మన తెలుగువాడి ద్వారానే. ఆర్మూరు పక్క ఊరి లింబన్న జెద్దాలో ఆ ప్రెసిడెంటు ఇంట్లోనే పని చేస్తున్నాడు. ఖఫ్జీలో నాతో ఒకే గదిలో ఉన్నవాడు. "మా సారు ఒకప్పుడు దేశానికే ప్రెసిడెంటన్నా, గిప్పుడు మోకాళ్ళ నొప్పులకు నేనే తైలం రాస్త" అని ఫోన్లో చెప్పేవాడు. ప్రతి శుక్రవారం అసర్ తరవాత, అంటే సాయంత్రం నమాజు అయ్యాక, ఆ ఇంట్లో మజ్లిస్, అదే పెద్దల కూటం, జరుగుతుందనీ, సలాం చెప్పడానికి ఎవరొచ్చినా గేటు తీస్తారనీ, కాఫీ పోసేది తానేననీ చెప్పింది కూడా అతనే.

అప్పట్లో ఊరు దాటాలంటే కంపెనీ ముద్రతో ఉత్తరం ఉండాలి. మా ముదీర్, అంటే మేనేజరు, కళ్ళజోడు పైనుంచి చూసి జెద్దాలో ఏం పని అన్నాడు. చేపలు తింటానన్నాను. చేపలు ఇక్కడ దొరకవా అన్నాడు. ఇక్కడివి ఐసులో ఉంటాయి, అక్కడివి నీళ్ళలో ఉంటాయన్నాను. గొణుక్కుంటూ మూడు రోజులకు రాసిచ్చాడు. బకారీ తన ఉత్తరం విడిగా తెచ్చుకున్నాడు.

గురువారం తెల్లారగానే ఖమీస్ బస్టాండు పక్కన షేర్ ట్యాక్సీ ఎక్కాం. మనిషికి వంద రియాళ్ళు. డ్రైవరు గుల్ ఖాన్ అనే పఠాను. జెద్దాకి రెండు దారులు. ఒకటి కొండల మీదుగా బాహా, తాయిఫ్ నుంచి. అది చల్లగా ఉంటుంది కానీ మక్కా దగ్గర ముస్లింలు కానివాళ్ళు పక్కదారి పట్టి చుట్టు తిరిగి రావాలి. రెండోది అభా దాటి ఘాటు దిగి సముద్రం ఒడ్డున. నేను హిందువును కాబట్టి రెండోదే మేలని గుల్ ఖానే తేల్చాడు. అభా దాటేసరికి ముందు బండి కనిపించనంత పొగమంచు. ఆ తరవాత సొరంగం మీద సొరంగం, మలుపు మీద మలుపు. గోడల మీద కోతులు కూచుని మన చేతిలో ఏముందా అని చూస్తుంటాయి. బండి ఆపి అరటిపండు ఇద్దామనుకునేవాళ్ళకు చెబుతున్నాను, ఆపకండి. పండుతో పాటు సంచీ కూడా పోతుంది. గంటన్నరలో కింద దర్బ్ చేరాం. పైన స్వెటరు వేసుకున్నవాళ్ళం, కింద చొక్కా గుండీలు విప్పుకున్నాం.

దర్బ్ దాటాక చెక్‌పోస్టు. సిపాయి నా ఇఖామా, అంటే నివాస కార్డు, ఒకసారి చూసి ఇచ్చేశాడు. బకారీది తిప్పి తిప్పి చూశాడు, దిగమన్నాడు, సంచీ విప్పమన్నాడు. జెద్దాకి ఎందుకు వెళ్తున్నావన్నాడు. బకారీ తల దించకుండా, "పెద్దమనిషి ఒకాయన్ని కలవడానికి" అన్నాడు. ఏ పెద్దమనిషి అంటే, "మా ప్రెసిడెంటు" అన్నాడు. సిపాయి పకపకా నవ్వి పంపించేశాడు. నిజం చెబితే ఇంత తొందరగా వదిలేస్తారని నాకు ఆ రోజే తెలిసింది.

బిర్క్ నుంచి సముద్రం ఎడమ చేతి పక్కనే ఉంటుంది. మధ్యాహ్నానికి కున్ఫుదా. అక్కడ ఊరి మొదట్లో, చేప మనం చూపిస్తే కాల్చి ఇచ్చే హోటళ్ళున్నాయి. ముగ్గురికి అన్నం, చేప కలిపి ముప్పై అయిదు రియాళ్ళు. వంటవాడు బెంగాలీ. అంతకుముందు ఆ హోటలు ఒక యెమెనీ నడిపేవాడట. యుద్ధం వచ్చాక యెమెనీలందరూ దేశం విడిచి పోవాల్సి వచ్చింది కదా, పొయ్యి అలాగే వదిలేసి పోయాడని చెప్పాడు. "ఆయన పొయ్యి, ఆయన పెనమే. మనిషే లేడు" అన్నాడు. బకారీ సగం చేప వదిలేసి లేచాడు.

అక్కడి నుంచి లీత్ దాకా బకారీ తాను ఏం చేయబోతున్నాడో చెప్పాడు. లోపలికి వెళ్ళగానే గట్టిగా అరుస్తాడట. నేను వద్దన్నాను. అరిస్తే గార్డులు రెండు నిమిషాల్లో బయట పడేస్తారు, పిచ్చివాడని ప్రచారం చేస్తారు. ఈ దేశంలో ఇంకో పద్ధతి ఉంది. అసీర్ కొండల్లో ఒక షేక్ ఇంట్లో వైరింగ్ చేస్తున్నప్పుడు కళ్ళారా చూశాను. ఏదైనా పెద్ద కోరికతో వచ్చినవాడు, పోసిన కాఫీ తాగకుండా అలాగే పట్టుకుంటాడు. అడుగు అని ఇంటాయన అనాలి. తీరుస్తానంటే తాగుతాడు. తీర్చకపోతే తాగకుండా లేచి పోతాడు. గుమ్మంలోకి వచ్చిన మనిషి కాఫీ తాగకుండా పోయాడంటే ఇంటి యజమానికి అంతకన్నా తలవంపు లేదు. ప్రెసిడెంటు పరదేశే కావచ్చు, కానీ ఆయన మజ్లిస్‌లో కూచునేది ఇక్కడి పెద్దలు. వాళ్ళ ముందు పరువు పోగొట్టుకోడు. బకారీ సరేనన్నాడు.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. ఈ ఉపాయం లింబన్నకు చెప్పలేదు. సాయంత్రం జెద్దాలో దిగి అతని గదిలోనే పడుకున్నాం, అతను వండిన పప్పుచారే తిన్నాం. ఊరికే ఒకసారి చూసి సలాం చెప్పి వస్తామన్నాను. చెబితే భయపడి గేటు తీయించడేమోనని నా భయం. అతని ఉద్యోగం పోతుందని తెలిసే చెప్పలేదు.

శుక్రవారం అసర్ తరవాత వెళ్ళాం. సముద్రం దగ్గరి పేటలో తెల్లటి ఇల్లు. గేటు మనిషితో లింబన్న ముందే చెప్పి ఉంచాడు. పొడుగాటి గది, గోడల వెంట దిండ్లు, పదిమంది దాకా సౌదీ పెద్దలు. మధ్యలో ప్రెసిడెంటు. ఖఫ్జీలో చూసిన యూనిఫారం లేదు, ఇక్కడివాళ్ళు వేసుకునే తెల్లటి పొడుగు తోబ్, ముందుకు చాచిన మోకాళ్ళు. నవ్వు మాత్రం అదే. అందరినీ పేరుపేరునా పలకరిస్తున్నాడు. మమ్మల్ని కూడా చెయ్యెత్తి కూచోమన్నాడు. మనసులో మాట చెబుతాను, మనిషి బాగానే ఉన్నాడే అనిపించింది నాకు. అలా అనిపించినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

లింబన్న కుడిచేతిలో చిన్న కప్పులు, ఎడమచేతిలో దల్లా, అంటే కాఫీ కూజా, పట్టుకుని వరసగా పోసుకుంటూ వస్తున్నాడు. అక్కడి పద్ధతేమిటంటే, ఒకరు తాగి కప్పు ఊపి తిరిగి ఇచ్చేదాకా పోసేవాడు అక్కడే నిలబడాలి. ఆ తరవాతే పక్కవాడి దగ్గరికి వెళ్ళాలి. ఈలోగా ప్రెసిడెంటు తన జైలు కథ మొదలుపెట్టాడు. ప్రతి శుక్రవారం చెబుతాడట. "తెల్లవాడి జైల్లో చలి. నాకూ, నా స్నేహితుడికీ ఒకటే కంబళి. ఒక రాత్రి వాడు కప్పుకునేవాడు, ఒక రాత్రి నేను" అంటున్నాడు అరబీలో. పెద్దలు తలలు ఊపుతున్నారు. సరిగ్గా అప్పుడే లింబన్న బకారీకి కప్పు ఇచ్చాడు. బకారీ దాన్ని తాగలేదు. మోకాలి మీద పట్టుకుని కూచున్నాడు.

"ఆ స్నేహితుడు మా నాన్న" అన్నాడు బకారీ అరబీలోనే. గొంతు పెంచలేదు. "నాకు ఒక మాట కావాలి. అది దొరికాక తాగుతాను."

ప్రెసిడెంటు ముఖంలో నవ్వు ఒక క్షణం అలాగే నిలిచిపోయింది. తరవాత తమ భాషలో మెల్లగా ఏదో అన్నాడు. బకారీ తల అడ్డంగా ఊపాడు. "అరబీలో చెప్పండి. వీళ్ళు కూడా వినాలి. ఆయన విదేశాల్లో శిక్షణలో ఉన్నాడని మీరు మా అమ్మకు కాగితం పంపారు. పదహారేళ్ళయింది. మా అమ్మ భార్యా, విధవా?"

"ముందు కాఫీ తాగు నాయనా, తరవాత లోపల కూచుని మాట్లాడుకుందాం" అన్నాడు ప్రెసిడెంటు. బకారీ కదల్లేదు. అప్పుడాయన లింబన్నకేసి తిరిగి, పక్కవాళ్ళకు కాఫీ పొయ్యమన్నట్టు చెయ్యి ఊపాడు.

లింబన్న నాకేసి చూశాడు. ఆ చూపులో అంతా అర్థమైపోయింది అతనికి. ఒక్క అడుగు పక్కకు వేస్తే చాలు, కాఫీ ముందుకు పోతుంది, మాటలు కలుస్తాయి, బకారీ ప్రశ్న ఆ గోలలో కొట్టుకుపోతుంది. లింబన్న అడుగు వెయ్యలేదు. దల్లా పట్టుకుని బకారీ ఎదురుగా అలాగే నిలబడ్డాడు. ప్రెసిడెంటు ఈసారి గట్టిగా, "పో!" అన్నాడు.

"ఈయన ఇంకా తాగలేదు సార్" అన్నాడు లింబన్న తన వచ్చీరాని అరబీలో.

మూలన కూచున్న ముసలి సౌదీ ఒకాయన తన నిండు కప్పు కింద పెట్టాడు. "అబూ ఫలానా, నీ అతిథి నీ కాఫీ తాగలేదు. అడిగింది చెప్పు, లేదా చెప్పనని అను. మేం కూడా లేస్తాం" అన్నాడు. ఆయన అన్న అసలు పేరు ఇక్కడ రాయడం లేదు. ఇంకో ఇద్దరు కూడా కప్పులు కింద పెట్టేశారు.

ప్రెసిడెంటు ఆ కప్పుల వంక, తన మోకాళ్ళ వంక చూశాడు. చివరికి "విధవ" అన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"ఆ వారం నుంచే."

"ఎక్కడ?"

"పాత రైల్వే యార్డు వెనక."

బకారీ కాఫీ తాగాడు. కప్పు ఊపి లింబన్న చేతికి ఇచ్చాడు. లేచి, ప్రెసిడెంటుకు కాదు, ఆ ముసలాయనకు సలాం చెప్పి బయటికి నడిచాడు. వెనకే నేను.

అక్కడి నుంచి నేరుగా బలద్ బజారుకు వెళ్ళాం. అప్పట్లో అక్కడ వరసగా టెలిఫోన్ కేబిన్లు ఉండేవి, నిమిషానికి ఇంత అని. వాళ్ళ అమ్మను పక్కింటి దుకాణం ఫోన్‌కి పిలిపించడానికి మూడుసార్లు కలపాల్సి వచ్చింది. అద్దం బయట నిలబడి చూస్తున్నాను. బకారీ రెండు ముక్కలు చెప్పాడు. తరవాత చాలాసేపు వింటూ ఉన్నాడు. మళ్ళీ రెండుసార్లు అవునన్నట్టు తల ఊపి పెట్టేశాడు. బయటికి వచ్చి మెట్టు మీద కూచుని అప్పుడు ఏడ్చాడు, చేతులు అడ్డం పెట్టుకోకుండా. అమ్మ ఏమందని అడిగాను.

"వాడి నోటితో వాడే చెప్పాడా అని అడిగింది. అవునన్నాను. నలుగురిలో చెప్పాడా అంది. నలుగురిలోనే అన్నాను. అయితే రేపు వాకిట్లో చాప వేసుకుని కూచుంటాను, ఎవరు పరామర్శకు రారో చూస్తాను అంది."

తరవాత తెలిసింది, ఆ చాప చుట్టూ మూడు రోజులు జనం తగ్గలేదట. పాత రైల్వే గార్డులు యూనిఫారాలు వేసుకుని మరీ వచ్చారట.

లింబన్నను మర్నాడే పనిలోంచి తీసేశారు. వారంలో పాస్‌పోర్టు మీద ఫైనల్ ఎగ్జిట్, అంటే ఇక తిరిగి రావద్దనే ముద్ర, కొట్టించి పంపేశారు. శుక్రవారం రాత్రి బలద్‌లోనే గడిపి, శనివారం పొద్దున బయల్దేరేముందు అతని గదికి వెళ్ళి, తల ఎత్తలేక, తప్పయింది తమ్మీ అన్నాను. "నాకు ముందుగాల చెప్తే వద్దంటననుకున్నవా అన్నా?" అన్నాడు. గదే నాకు బాధయింది తప్ప నౌకరి కాదన్నాడు. నువ్వు అడుగు పక్కకు వేసి ఉంటే ఎవరూ ఏమనేవారు కాదు కదా అన్నాను. పెట్టెలో బట్టలు సర్దుతూనే చెప్పాడు: "మా తాత దొర గడీల చేతులు కట్టుకొని నిలవడ్డడు. దొర పో అంటె పోయిండు, రా అంటె వచ్చిండు. నేనూ గట్లనే పోతే ఇంత దూరం విమానమెక్కి వచ్చి నేర్సుకున్నదేందన్నా?"

ఆ ప్రెసిడెంటు గురించి తరవాత చాలా చదివాను. ఎన్ని సమ్మెలు నడిపాడో, ఎన్ని ఒప్పందాలు చేశాడో, ఎవరితో కరచాలనం చేశాడో అన్నీ ఉన్నాయి. ఆ శుక్రవారం లేదు. ఉండదు కూడా. ఆయన చేత జైలూ, సైన్యమూ చెప్పించలేని మాట ఒక అంబులెన్సు డ్రైవరు, ఒక ఆర్మూరు కూలి కలిసి చెప్పించారని రాసుకోవడం పెద్ద పుస్తకాలకు నామోషీ. నాకు నామోషీ లేదు. మనం ఈ దేశంలో ఇరవై ఏళ్ళున్నా పరాయివాళ్ళమే, ఒక కాగితం చింపితే వెళ్ళిపోయేవాళ్ళమే. అయినా పో అన్నప్పుడు కదలకుండా నిలబడే కాళ్ళు ఏ ముదీరూ మన దగ్గర నుంచి లాక్కోలేడు. లాక్కుంటానంటే రమ్మనండి.

ఇక ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. తిరుగు ప్రయాణంలో లీత్ దాటాక ఇప్పటికీ చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ సరిగ్గా అందదు. ఇంట్లోవాళ్ళకు చెప్పాల్సిన మాట ఏదైనా ఉంటే, ఖమీస్ చేరాక చెబుదాంలే అనుకోకండి. జెద్దాలో ఉండగానే ఫోన్ చేసి చెప్పేయండి, అవతల ఎవరో ఎన్నాళ్ళ నుంచో ఎదురు చూస్తూ ఉండొచ్చు.